దేవాంగపిల్లి: తిరుత్తణి, తిరువళ్ళూరు మెట్టసీమలో నాలుగెకరాల అడవి

దేవాంగపిల్లి దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప లోకంలో మరెక్కడా కనిపించని చిన్న నిశాచర జంతువు. పేరులో పిల్లి ఉన్నా ఇది కోతులూ మనుషులూ చేరే ప్రైమేటు వర్గానికి చెందినది. తమిళులు తేవాంగు అంటారు. శాస్త్రీయ నామం లోరిస్ లైడెక్కెరియానస్. 1908లో స్పెయిన్ దేశపు జంతుశాస్త్రజ్ఞుడు ఆంఖెల్ కాబ్రేరా దీన్ని వర్ణించి, ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రజ్ఞుడు రిచర్డ్ లైడెక్కర్ పేరు పెట్టాడు. ఆ వర్ణనకు మూలస్థానంగా శాస్త్రగ్రంథాల్లో నమోదైన ఊరు మద్రాసు. అంటే మద్రాసు పొలిమేర మెట్టలు, వాటికి పడమటగా తిరువళ్ళూరు దాటి తిరుత్తణి, నగరి, నాగలాపురం కొండలదాకా సాగే పొదల సీమ ఈ జంతువు శాస్త్రచరిత్రలో మొదటి పుటకు చెందిన నేల. ఈ నేలమీద దాన్ని నిలుపుకోవాలంటే కొత్తగా ఒక పెద్ద అడవిని గీతగీసి చూపడం కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. పొలం గట్టున, వాగు ఒడ్డున, గుడి మాన్యంలో, రోడ్డు పక్కన మిగిలిన చెట్టూ పొదా వరుసను తెగకుండా కాపాడుకోవడమే ఆ పని. జంతువు శరీర ధర్మం, ఈ సీమ భౌగోళికం, చట్టం నడిచిన తీరు, మరో ఖండంలో రాతి వాలబీకి జరిగిన చరిత్ర, ఈ నాలుగూ ఆ మాటనే బలపరుస్తాయి.

శరీరం, జీవనం

పెరిగిన దేవాంగపిల్లి బరువు రమారమి పావు కిలో. తోక లేదనే చెప్పాలి. పుల్లల్లాంటి సన్నని కాళ్ళూచేతులు, ముఖంలో సగం ఆక్రమించిన గుండ్రటి కళ్ళు, వాటి చుట్టూ నల్లని వలయాలు దీని గుర్తులు. కంటి వెనుక పొర వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి రాత్రి దీపం పడితే కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. భారతదేశంలో దీనికి రెండు ఉపజాతులున్నాయి. పశ్చిమ కనుమల తడి అడవుల్లో ఉండేది మలబారు ఉపజాతి. తూర్పు కనుమల్లోనూ దక్కను పొడినేలల్లోనూ ఉండేది మైసూరు ఉపజాతి. తిరుత్తణి సీమది రెండోది. ముళ్ళ తుమ్మలు, బలుసు, కలివి, జెముడు కలగలిసిన ఎండు పొదలే దానికి ఇల్లు. పగలంతా ముళ్ళకొమ్మల గుబురులో ఒంటరిగానో, తన వాళ్ళతో ఒకే ముద్దగా ముడుచుకునో నిద్రపోతుంది. చీకటి పడ్డాక లేచి కొమ్మ వెంబడి మెల్లగా కదులుతూ ఈల లాంటి కూతతో తోటివాటికి తన ఉనికి తెలుపుతుంది. అడుగు తరవాత అడుగు వేయడమే దీని నడక, కోతిలా దూకదు. కాళ్ళూచేతుల్లోని రక్తనాళాలు సన్నని జాలంలా చీలి ఉండటం వల్ల ఒక కొమ్మను గంటలకొద్దీ పట్టుకున్నా కండరం అలసిపోదు. నిదానమే దీని బలం. కొమ్మకూ కొమ్మకూ మధ్య ఖాళీ వచ్చినచోట ఆ నిదానమే బలహీనత అవుతుంది.

తిండి విషయంలో ఇది దాదాపు పూర్తిగా పురుగుల మీద బతికే జీవి. తమిళనాడులోని దిండిగల్ జిల్లా అయ్యలూరు ప్రాంతంలో జరిగిన పరిశీలనలో దీని ఆహారంలో 96 శాతం జంతు సంబంధమైనదేనని, అందులోనూ చీమలు, చెదపురుగులదే పెద్ద వాటా అని తేలింది. ఇతర జంతువులు ముట్టని ఘాటు పురుగుల్నీ తింటుంది. ఆడది సుమారు ఐదున్నర నెలలు మోసి ఒకటో రెండో పిల్లల్ని కంటుంది. కొన్ని వారాలు పొట్టకు అంటించుకుని తిప్పాక, మేతకు వెళ్ళే వేళ పిల్లల్ని ఒక కొమ్మమీద వదిలి, తెల్లవారేలోగా తిరిగివచ్చి తీసుకుపోతుంది. మరి ఒక చెట్టు కొట్టేయడమంటే ఆ పిల్లల ఊయలను తీసివేయడమే. ఇక ఈ వ్యాసానికి అన్నింటికంటే ముఖ్యమైన లెక్క ఒకటుంది. అదే అయ్యలూరు ప్రాంతంలో ఆడదాని తిరుగుడు మేర సగటున 1.59 హెక్టార్లు, మగదానిది 3.6 హెక్టార్లు. మన రైతు లెక్కలో చెబితే ఆడదానికి నాలుగెకరాలు, మగదానికి తొమ్మిదెకరాలు. పెద్దపులికి పదుల చదరపు కిలోమీటర్లు కావాలి. దానికోసం ఒక ఊరు తనంతట తాను చేయగలిగింది చాలా తక్కువ. నాలుగెకరాల జీవి విషయంలో ఒక ఊరి గట్లూ తోపులూ చాలు, ఒక వంశం నిలబడుతుంది. దాన్ని పోగొట్టుకోవడానికీ ఆ ఊరే చాలు.

కొండకూ కొండకూ నడుమ

తిరుత్తణి అనగానే తెలుగువారికి సుబ్రహ్మణ్యస్వామి కొండ, దాని 365 మెట్లు గుర్తుకొస్తాయి. ఈ తాలూకా ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోది. సరిహద్దు తగాదాలో మధ్యవర్తి పటాస్కర్ సిఫారసుల మీద చేసిన 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో కలిశాయి. సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 1997లో చెంగల్పట్టు నుంచి వేరుచేసిన తిరువళ్ళూరు జిల్లాలో తిరుత్తణి చేరింది. ఊళ్ళలో తెలుగూ తమిళమూ కలిసి వినపడటం ఈ చరిత్ర మిగిల్చిన గుర్తు. అయితే మనుషులు గీసిన ఆ గీతను వాగులు ఎరగవు. నగరి నది కొండల్లోంచి దిగి కుశస్థలిలో కలుస్తుంది. కుశస్థలి పూండి జలాశయం నింపి చెన్నైకి తాగునీరిస్తుంది. ఆరణి నది పిచ్చాటూరు మీదుగా పారి పులికాటు చేరుతుంది. ఆ నదుల ఒడ్డు పొదలూ, నగరి నాగలాపురం కొండలూ, వాటికి వాయవ్యంగా శేషాచలం అడవులూ కలిసి ఒకే వృక్షసమాజపు ముక్కలు. కేంద్రం 2010 సెప్టెంబరు 20న జీవావరణ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం విస్తీర్ణం 4,756 చదరపు కిలోమీటర్లకు దగ్గర. ఆ ప్రకటనలో ఎర్రచందనంతో పాటు ప్రత్యేకంగా పేరెత్తిన జంతువు దేవాంగపిల్లి.

శేషాచలం లాంటి పెద్ద అడవి ఉత్తరాన ఉంది కాబట్టి దక్షిణాన ఉన్న చిన్న గుట్టల సంగతి పట్టించుకోనక్కరలేదని అనిపించవచ్చు. నేల తీరు చూస్తే ఆ ధీమా నిలవదు. తిరువళ్ళూరు, తిరుత్తణి చుట్టూ అడవిశాఖ చేతిలో ఉన్నది చిన్న చిన్న రిజర్వు ముక్కలు. వాటి నడుమ చెరకు, వరి, వేరుశెనగ, మామిడి తోటలు. చెన్నై పెరిగేకొద్దీ ఇళ్ళస్థలాలు, గోదాములు, ఫ్యాక్టరీలు ఆ పొలాల్లోకి వచ్చాయి. ఇటుక బట్టీలకు మన్ను, కట్టడాలకు కంకర, రాతిపొడి ఇసుక ఈ గుట్టలనుంచే పోతున్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ఇరుపక్కల చింతలూ వేపలూ కానుగలూ పడిపోతాయి. ఒకప్పుడు ఇరువైపుల కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి రోడ్డుమీద గొడుగు పట్టేవి. దేవాంగపిల్లికి అదే వంతెన. ఆ గొడుగు చీలిపోతే అది నేలకు దిగి తారు దాటాలి, లేదా కరెంటు తీగ పట్టుకోవాలి. దూకలేని జంతువుకు రెండూ ప్రాణం మీదకు వచ్చే దారులే. వాహనాల కింద పడటం, విద్యుత్తు తగలడం ఈ జాతికి గుర్తించిన ప్రమాదాల్లో ఉన్నాయి. ఇలా ఒక్కొక్క గుట్ట మీది కొద్దిపాటి జంతువులు తక్కిన లోకంతో సంబంధం తెగి, తమలో తామే జతకట్టుకుంటూ, ఒక కరువుకో ఒక కార్చిచ్చుకో అంతమయ్యే స్థితికి వస్తాయి.

రాతి వాలబీ చెప్పే పాఠం

ఈ ప్రమాదం ఊహ కాదనడానికి ఆస్ట్రేలియా సాక్ష్యం ఉంది. అక్కడ కంగారూకు చిన్న చెల్లెలు లాంటి వాలబీల్లో ఒకటి కుచ్చుతోక రాతి వాలబీ. ఆగ్నేయ ఆస్ట్రేలియా కొండచరియల్లో, రాతి పగుళ్ళలో చిన్న చిన్న గుంపులుగా బతుకుతుంది. గుంపుకూ గుంపుకూ మధ్య మైదానం. 19వ శతాబ్దంలో ఇది ఎంత విస్తారంగా ఉండేదంటే పశుపాలకులు దీన్ని పీడగా లెక్కగట్టారు. న్యూసౌత్ వేల్స్‌లో 1884 నుంచి 1914 వరకు చంపి తెచ్చినందుకు ప్రభుత్వం చెల్లించిన బహుమానాల లెక్క ఐదు లక్షలు దాటింది. ఆ తరవాత ఐరోపా నుంచి వలసవాసులు తెచ్చిన నక్కలు పిల్లల్ని తినేశాయి, మేకలు మేతలో పోటీకి వచ్చాయి. చరియ తరవాత చరియ ఖాళీ అయింది. ఒక చరియలో గుంపు పోతే మరో చరియ నుంచి వచ్చి నింపే దారి లేదు. 2019–20 కార్చిచ్చుల్లో మిగిలిన గుంపుల మేత కాలిపోతే, న్యూసౌత్ వేల్స్ ప్రభుత్వం హెలికాప్టర్ల నుంచి క్యారెట్లు, చిలగడదుంపలు వెయ్యి కిలోలకు పైగా చల్లి వాటిని బతికించవలసి వచ్చింది. లక్షల్లో ఉన్న జంతువు కొద్ది గుంపులకు దిగజారిందంటే కారణం వేట ఒక్కటే కాదు. ముక్కలుగా బతికే జీవి ముక్క ముక్కగానే పోతుంది. ప్రతి ముక్క పోయినప్పుడూ మిగతావి ఇంకా ఉన్నాయి కదా అన్న ఓదార్పు దొరుకుతూనే ఉంటుంది.

దేవాంగపిల్లికీ రాతి వాలబీకీ వర్గం వేరు, ఖండం వేరు, పరిమాణం వేరు. పోలిక వాటి శరీరాల్లో లేదు, వాటి నివాసాల ఆకారంలో ఉంది. అక్కడ చరియలు, ఇక్కడ పొదల గుట్టలు. అక్కడ మధ్యలో పచ్చికమైదానం, ఇక్కడ మధ్యలో పొలమూ రోడ్డూ. ఒక తేడా మాత్రం మనకు మేలు చేసేది. రాతి వాలబీకి మధ్యనున్న మైదానంలో కొత్తగా కొండచరియలు కట్టలేం. దేవాంగపిల్లికి గుట్టల నడుమ ఒక పొదల వరుస పెంచగలం, ఉన్నదాన్ని కొట్టకుండా ఆపగలం. ఆస్ట్రేలియాలో హెలికాప్టరు చేయవలసి వచ్చిన పని ఇక్కడ ఒక కంచె చేయగలదు.

చట్టం, అభయారణ్యం, వాటి హద్దులు

చట్టపరంగా దేవాంగపిల్లికి అత్యున్నత రక్షణే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులి, ఏనుగుల సరసన ఇది ఉంది. మొదటి షెడ్యూలు జంతువును పట్టినా చంపినా కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళ జైలు. 2022 సవరణ తరవాత కనీస జరిమానా 25,000 రూపాయలు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలోనూ ఇది ఉంది. ఈ చట్టం చేసిన మేలు తక్కువది కాదు. కళ్ళజబ్బులకు మందనీ, వశీకరణానికి పనికొస్తుందనీ, చేతబడికి కావాలనీ ఈ అమాయకపు జీవిని పట్టి హింసించే అలవాటు దక్షిణదేశంలో చాలాకాలం ఉంది. వైద్యశాస్త్రంలో దీని కళ్ళకు ఏ గుణమూ లేదు. ఉన్నదల్లా చీకట్లో పురుగును చూడగల శక్తి ఒక్కటే, అది దాని ప్రాణంతోనే పోతుంది. పట్టేవాడికి శిక్ష ఉంటుందన్న భయం ఆ చీకటి వ్యాపారాన్ని తగ్గించింది. అయితే చట్టం జంతువును పట్టే చేతిని ఆపుతుంది గానీ, దాని చెట్టును కొట్టే గొడ్డలి సొంత పట్టాభూమిలో ఆడితే అక్కడ దానికి పెద్దగా పట్టు లేదు.

2022 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం కరూరు, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్ల అడవిని కడవూరు దేవాంగపిల్లి అభయారణ్యంగా ప్రకటించింది. ఈ జంతువు పేరుతో దేశంలో వెలసిన మొదటి అభయారణ్యం అది. ఎవరూ కన్నెత్తి చూడని జీవికి ఒక రాష్ట్రం తన పటంలో చోటివ్వడం గొప్ప నిర్ణయం, మెచ్చుకోదగ్గది. దాని వెనుక అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా దిండిగల్ ప్రాంతంలో పరిశోధకులు రాత్రులు మేల్కొని చేసిన లెక్కింపులున్నాయి. కానీ కడవూరు నమూనాను యథాతథంగా తిరుత్తణికి తీసుకురాలేం. కడవూరులో ఒకదాన్నొకటి ఆనుకున్న కొండల అడవి ఉంది. తిరువళ్ళూరు జిల్లాలో ఉన్నవి విడివిడి గుట్టలు, వాటి నడుమ వేల మంది రైతుల పట్టాలు. ఆ పట్టాలను అభయారణ్యంలో కలపాలని చూస్తే రైతు తన గట్టుమీది తుమ్మనే అనుమానంగా చూడటం మొదలుపెడతాడు. ఆ జంతువు ఉందని తెలిస్తే భూమి పోతుందన్న భయం పుడితే, జంతువు కనపడకుండా చేయడమే క్షేమమనిపిస్తుంది. ఒక మంచి ఉద్దేశం తన ప్రయోజనాన్నే దెబ్బతీసుకునే తీరు అది.

మూడు అభ్యంతరాలు

ఈ వాదనకు మొదటి అభ్యంతరం శాస్త్రం వైపు నుంచే రావచ్చు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దేవాంగపిల్లిని ప్రమాదంలో ఉన్న జాతిగా కాక, ఆ స్థితికి చేరువవుతున్న జాతిగా మాత్రమే వర్గీకరించింది. నాలుగైదు రాష్ట్రాల్లో వ్యాపించిన జీవి కోసం ఒక జిల్లా ఇంత తపన పడాలా? పడాలి. ఆ వర్గీకరణ జాతి మొత్తానిది. ఒక గుట్ట మీది గుంపు గతిని అది చెప్పదు. పైగా ఇది రాత్రి తిరిగేది, ఊరి కంట పడనిది, పంటలో అడుగు పెట్టనిది. ఏనుగు రాకపోతే ఊరు గమనిస్తుంది, నెమలి కూయకపోతే గమనిస్తుంది. దేవాంగపిల్లి లేకుండాపోతే తరం గడిచినా ఊరికి తెలియదు. అందువల్ల దీని విషయంలో ప్రమాద సూచిక పెద్ద అక్షరాల్లో వచ్చేదాకా ఆగడమంటే చాలా గుట్టలు ఖాళీ అయ్యేదాకా ఆగడమే. రాతి వాలబీ కథలో బహుమానాలు చెల్లించిన ముప్పయ్యేళ్ళూ అది విస్తారమైన జీవే.

రెండో అభ్యంతరం రైతుది, మరింత బరువైనది. గట్టున పొద ఉంటే నీడపడి అరగజం పంట తగ్గుతుంది, పాములు చేరతాయి, ట్రాక్టరు తిరగదు, సరిహద్దు తగాదాలొస్తాయి. ఇవి నిజమైన ఇబ్బందులు; వాటిని కొట్టిపారేస్తే మాట చెల్లదు. అందుకే ప్రతి గట్టునూ అడవి చేయమని ఎవరూ అడగకూడదు. అడగవలసింది రెండు గుట్టల్నీ, లేదా గుట్టనూ వాగునూ కలిపే ఒక్క వరుసను. ఆ వరుసలో ఎక్కువ భాగం పొరంబోకు, వాగు ఒడ్డు, చెరువు కట్ట, గుడి మాన్యం, రోడ్డు పక్క భూమి మీదే వస్తుంది. పట్టాలో పడిన భాగానికి పరిహారం ఇవ్వడం న్యాయం. అడవిపందికీ కోతికీ లేని ఒక గుణం దేవాంగపిల్లికి ఉందని కూడా రైతుకు చెప్పాలి. అది గింజ ముట్టదు, కాయ కొరకదు. రాత్రంతా చెదలూ పురుగులూ ఏరుకు తింటుంది. దాన్ని ఉండనిచ్చినందుకు రైతు పంట నష్టపోడు.

మూడో అభ్యంతరం పచ్చదనం పేరు మీద వస్తుంది. తమిళనాడు 2022లో హరిత తమిళనాడు ఉద్యమం ప్రారంభించి, రాష్ట్ర విస్తీర్ణంలో 33 శాతానికి పచ్చదనం పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ సంవత్సరమే సర్కారు తుమ్మ లాంటి పరాయి మొక్కల్ని తొలగించే విధానమూ వచ్చింది. కోట్ల మొక్కలు నాటుతుంటే పొదల కోసం వేరే ఆరాటం ఎందుకన్న ప్రశ్న సహజం. పచ్చదనం లెక్కా ఇంటి లెక్కా వేరు. వరుసగా నాటిన యూకలిప్టస్, సరుగుడు తోటలు ఉపగ్రహ చిత్రంలో అడవిలా కనిపిస్తాయి. కొమ్మకు కొమ్మ అందని, ముళ్ళ గుబురు లేని, పురుగు తక్కువైన ఆ తోటలో దేవాంగపిల్లికి పగలు పడక లేదు, రాత్రి తిండి లేదు. సర్కారు తుమ్మ తీసివేయవలసిందే. భూగర్భజలానికీ నాటుమొక్కలకూ అది చేసే చెరుపు నిజం. కానీ ఒక్క యంత్రంతో ఒక్క వారంలో గుట్టంతా బోడి చేస్తే, అందులో తలదాచుకున్న జీవాలకు మారడానికి చోటుండదు. విడతలుగా తీస్తూ, ఖాళీ అయిన చోట తెల్లతుమ్మ, పాల, నేరేడు, కలివి, బలుసు పెరగనిచ్చి ముందుకు సాగడమే సరైన దారి.

చేయదగ్గ పని

ఈ మూడు సమాధానాల నుంచే పనుల జాబితా దానంతట అదే తేలుతుంది. మొదటిది లెక్క. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట వైపు గుట్టల్లోనూ, గీతకు అవతల నగరి, నాగలాపురం, సత్యవేడు వైపునా ఒకే రాత్రుల్లో, ఒకే పద్ధతిలో రెండు రాష్ట్రాల అటవీశాఖలు కలిసి లెక్కించాలి. ఎర్రకాగితం కప్పిన దీపంతో కంటి మెరుపు చూసి, దాన్ని బెదరించకుండా లెక్కపెట్టే పద్ధతి పరిశోధకులు ఇప్పటికే వాడుతున్నదే. 1960లో సరిహద్దు గీసినప్పుడు కొండను రెండుగా చీల్చలేదు, రికార్డునే చీల్చారు. ఆ రికార్డును మళ్ళీ కలపడం ఖర్చుతో కూడినది కాదు. రెండోది పొదల వరుసల పటం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామానికీ జీవవైవిధ్య నిర్వహణ సంఘం, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఆ రిజిస్టరులో ఈ వరుసల్ని సర్వే నంబర్లతో సహా ఎక్కిస్తే, రోడ్డు విస్తరణకో రాతి క్వారీకో అనుమతి అడిగిన రోజున ఎదురు చెప్పడానికి కాగితం ఉంటుంది. అదే చట్టం కింద మదురై జిల్లా అరిట్టాపట్టిని 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన దారి తిరువళ్ళూరు గుట్టలకూ తెరిచే ఉంది. భూమి యాజమాన్యాన్ని ముట్టని దారి అది. మూడోది వంతెన. తమిళనాడులోనే వాల్పారైలో సింహపుతోక కోతుల కోసం రోడ్డుమీదుగా చెట్టు నుంచి చెట్టుకు కట్టిన వంతెనలు పనిచేస్తున్నాయి. వెడల్పు చేసిన రోడ్లమీద తాడు వంతెనలు, గుట్టల పక్క విద్యుత్తు తీగలకు తొడుగులు తప్పనిసరి చేస్తే ఖర్చు ఆ రోడ్డు ఖర్చులో ఒక అణువు.

ఈ సీమకు పెద్ద జంతువులు లేవనీ, కాపాడదగ్గ అడవి లేదనీ అనుకోవడం అలవాటైంది. పొదను బీడు అన్నాం, బీడును ఖాళీ అన్నాం, ఖాళీని ఎవరైనా నింపవచ్చునన్నాం. అదే పొదను నాలుగెకరాల కొలతతో చూస్తే అక్కడ ఒక తల్లి, కొమ్మమీద వదిలివెళ్ళిన పిల్లలు, వాటి రాత్రంతటి తిండి, పగలంతటి నిద్ర ఉన్నాయి. పులిని కాపాడే శక్తి తిరుత్తణి రైతుకు లేకపోవచ్చు. దేవాంగపిల్లిని కాపాడే శక్తి మాత్రం అతని చేతిలోనే ఉంది. మీ ఊరి గుట్టకూ వాగుకూ మధ్య మిగిలిన ఆ పొదల వరుసను ఈ ఏడు కొట్టకుండా ఆపండి.